పూరీ గేటు నుంచి గాజు గోడ దాకా

హౌరా నుంచి బయలుదేరిన రైలు ఖరగ్‌పూర్ చేరిన తరువాత దారులు చీలుతాయి. ఒకటి టాటానగర్ మీదుగా పశ్చిమానికి సాగుతుంది. మరొకటి దక్షిణానికి తిరిగి బాలాసోర్, కటకం దాటి, ఒక శాఖతో పూరీని పలకరించి, తూర్పు తీరం వెంట విశాఖపట్నం చేరుతుంది. పూరీ గేటు అన్న పేరులో ఈ రెండవ దారి నిలిచిపోయింది. దానికి ఒక పక్క రైల్వే పట్టణం, మరొక పక్క భారత సాంకేతిక విజ్ఞాన సంస్థ, అనగా ఐ.ఐ.టి.

రైల్వే పట్టణం కష్టజీవుల సృష్టి. పంతొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడికి వచ్చింది. దాని వెంట పెద్ద కర్మాగారమూ వెలసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు కుటుంబాలతో తరలివచ్చి కొలిమి దగ్గర, ఇంజను దగ్గర, పట్టాల మీద పనిచేశారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1920ల చివర నాయకత్వం వహించినది ఈ రైల్వే కార్మికులకే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తిని ఆమోదించడానికి వెనుక ఉన్నదీ ఈ వలసల చరిత్రే.

గేటుకు ఆవలి పక్క చరిత్ర వేరు. హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై తుపాకులు పేలాయి. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. అదే భవనంలో 1951లో ఐ.ఐ.టి. ప్రారంభమైంది. చెరసాల విద్యాలయమైంది. కిటికీని గురించి ఆలోచించడానికి ఇంతకన్న తగిన చోటు ఉండదు.

కిటికీ వెలుగునిస్తుంది, వేసవిలో వేడినీ ఇస్తుంది. ఆ వేడిని తరమడానికి మళ్ళీ విద్యుత్తు ఖర్చు చేస్తాము. నేటి నగరాలలో అంతస్తులు పెరిగేకొద్దీ గాజు గోడలు పెరుగుతున్నాయి. సౌర ఫలకాలు పరచవలసిన పైకప్పు మాత్రం అంతే ఉంటుంది. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ప్రశ్న వేసుకున్నారు: ఆ గాజే విద్యుత్తు నివ్వరాదా?

పాఠకులకు ఇందులో ఒక వైరుధ్యం తోచవచ్చు. పట్టుకున్న కిరణం గదిలోకి రాదు. గదిలోకి వచ్చిన కిరణం చేతికి చిక్కదు. నిజమే. కాని రైల్వే గేటు అందరినీ ఎల్లకాలం ఆపదు. కొందరిని ఆపి కొందరిని పోనిస్తుంది. సూర్యరశ్మిలోని శక్తిలో సగానికి కొంచెం తక్కువ భాగమే కంటికి కనిపించే వెలుగు. మిగిలినదానిలో హెచ్చు భాగం పరారుణ కిరణాలు, కొద్ది భాగం అతినీలలోహిత కిరణాలు. కనిపించే వెలుగును చాలావరకు పోనిచ్చి, తక్కినదాన్ని ఆపి విద్యుత్తుగా మార్చే గాజు కావాలి. లేదా, కనిపించే వెలుగులో కొన్ని రంగులనే తీసుకుని, మిగిలిన రంగులను లోపలికి వదిలే గాజైనా కావాలి.

ఈ రెండవ మార్గానికి మూల పదార్థం మన తీరంలోనే ఉన్నది. పూరీ దారిన దక్షిణానికి వచ్చే రైలు గంజాం జిల్లా ఛత్రపురం దాటుతుంది. అక్కడి సముద్రపు ఇసుకలో ఇల్మనైట్ అనే నల్లని ఖనిజం దొరుకుతుంది. భీమునిపట్నం ఇసుకలోనూ అది ఉంది. దాని నుంచి వచ్చే టైటానియం డయాక్సైడు తెల్లరంగులకు ప్రాణం. 1991లో స్విట్జర్లాండులోని లోసాన్ నగరంలో మైఖేల్ గ్రెట్జెల్, బ్రయాన్ ఓరెగన్ ఈ తెల్లని పొడిని అతిసూక్ష్మ రేణువులుగా గాజుపై పూసి, దానికి రంజకం పట్టించి, విద్యుత్తు తీయగలిగారు. వెలుగు సోకిన రంజకం ఒక ఎలక్ట్రానును పొడికి అప్పగిస్తుంది. అది బయటి తీగలో పని ముగించుకుని, అయొడిన్ ద్రావణం ద్వారా రంజకానికే తిరిగి చేరుతుంది. ఆకు చేసే పనికి ఇది దూరపు చుట్టరికం.

ఆ రంజకం విషయంలోనే తెలుగు నేలకు సంబంధం ఉంది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం అభ్యసించిన మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ లోసాన్ చేరి గ్రెట్జెల్ బృందంలో పనిచేశారు. 1993లో ఆయన ముఖ్య రచయితగా వెలువడిన పరిశోధన రుథీనియం రంజకంతో దాదాపు పది శాతం సామర్థ్యాన్ని చూపింది. ఈ రంగంలో పరిశోధకులు ఏళ్ళ తరబడి తమ ఫలితాలను పోల్చి చూసుకున్నది ఆ జాతి రంజకాలతోనే.

ప్రయోగశాలలో నెగ్గినంత మాత్రాన అది గోడ ఎక్కదు. ఆ పని టోబీ మేయర్, ఆండ్రియాస్ మేయర్ తలకెత్తుకున్నారు. వారు 1993లో ఓబోన్ పట్టణంలో సోలరోనిక్స్ అనే సంస్థను స్థాపించారు. దాదాపు ఇరవై ఏళ్ళ శ్రమ తరువాత, 2014లో ప్రారంభమైన లోసాన్ స్విస్‌టెక్ సమావేశ భవనపు పడమటి ముఖానికి వారి ఫలకాలు అమరాయి. సుమారు 300 చదరపు మీటర్ల గాజు అది! దాని వర్ణ సంయోజనను తీర్చినవారిలో కేథరిన్ బోల్ అనే చిత్రకారిణి ఉన్నారు. ఎరుపు, ఆకుపచ్చ, నారింజ ఛాయలతో ఆ గోడ లోపలివారికి నీడ నిస్తుంది, భవనానికి విద్యుత్తు నిస్తుంది. రసాయనజ్ఞుడు, వ్యాపారి, చిత్రకారిణి కలిస్తేనే ఒక కిటికీ తయారైంది.

రంగు లేని గాజు కోసం మొదటి మార్గాన పోయినవారూ ఉన్నారు. అమెరికాలో రిచర్డ్ లంట్, వ్లదిమిర్ బులోవిచ్, మైల్స్ బార్ 2011లో యుబిక్విటస్ ఎనర్జీ సంస్థను ప్రారంభించి, అదృశ్య కిరణాలను పట్టే కర్బన పూతలు రూపొందించారు. అయితే ప్రకృతి విధించిన హద్దు ఒకటి ఉంది. సాధారణ ఏకపొర సౌరఘటం సిద్ధాంతరీత్యా 33 శాతం దాకా పోగలిగితే, పూర్తిగా పారదర్శకమైనది 21 శాతం దగ్గరే ఆగాలని లంట్ బృందం 2012లో లెక్కగట్టింది. ఆచరణలో సాధించినవి అంతకన్న ఎంతో తక్కువ. పైకప్పు మీది సిలికాన్ ఫలకంతో ఈ గాజు పోటీపడలేదు; ఆ ఫలకం నిలువలేని చోట నిలుస్తుంది, అంతే.

అసలు పరీక్ష మరొకటి ఉంది. కిటికీ అద్దం దశాబ్దాలు మన్నాలి. ద్రావణం ఆవిరి కారాదు, రంగు వెలిసిపోరాదు. రుథీనియం అరుదైనది, ఖరీదైనది. అందుకే హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో లింగమల్లు గిరిబాబు బృందం పోర్ఫిరిన్, థాలోసయనిన్ జాతి రంజకాలను సాధన చేసింది. ఆకులోని పత్రహరితానికి పోర్ఫిరిన్లు దగ్గరి బంధువులు.

ఉస్మానియా చదువు, లోసాన్ ప్రయోగశాల, ఓబోన్ కర్మాగారం — ఇన్ని చోట్ల చేతులు కలిస్తే గోడ ఒకటి వెలిగింది. అది సమావేశ భవనానికి అలంకారంగానే మిగిలితే ఈ శ్రమ సగమే ఫలించినట్లు. ఎండను తప్పించుకోలేని చిన్న ఇళ్ళ కిటికీకి, ఆ ఇంటివారు కొనగలిగే ధరకు అది చేరిననాడు సంపూర్ణమవుతుంది. ఆ దూరాన్ని తగ్గించే రసాయనజ్ఞులు ఇప్పుడు ఏ తరగతి గదిలో కూర్చుని ఉన్నారో!