గోల్కొండ: తెరచుకున్న ద్వారం నేర్పే పాఠం

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్ట దాటితే వచ్చే స్టేషన్ పేరు ఎర్రమంజిల్. నిజాముల కాలపు ప్రముఖుడైన నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఆ గుట్ట మీద కట్టించుకున్న ‘ఇరమ్ మంజిల్’ నుండి ఈ పేరు వచ్చింది. పారశీ కవులకు ఇరమ్ అంటే స్వర్గంలాంటి ఉద్యానవనం. ఖుర్ఆన్ చదివేవారికి మాత్రం ఆ పేరుతో ఎత్తయిన స్తంభాల నగరం, అహంకరించి నశించిన ఆద్ జాతి గుర్తుకు వస్తాయి. ఒకే పేరు ఒకరికి వైభవం, మరొకరికి హెచ్చరిక. గతాన్ని మనం ఏ కంటితో చూస్తామన్నదే ప్రశ్న.

అమీర్‌పేట హాస్టళ్ళలో ఉంటూ కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే యువకులు కొందరు ఆదివారాలు నా దగ్గర పాఠానికి వస్తారు. వారి కోరికపై మొన్న మే నెలలో గోల్కొండకు బయలుదేరాం. పంజాగుట్ట నుండి మెహదీపట్నం, లంగర్‌హౌజ్ మీదుగా ఫతే దర్వాజా చేరేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ బురుజులను చూసి కర్నూలు అబ్బాయి ఒకడు ఉప్పొంగిపోయి, “హజ్రత్, ఇది మన రాజుల కోట కదా!” అన్నాడు.

“బాబూ, 1687లో ఈ కోట లోపల ఉన్న రాజు మనవాడా? బయట ముట్టడి వేసిన రాజు మనవాడా?” అని అడిగాను. అతను ఆలోచనలో పడ్డాడు.

లోపల ఉన్నది అబుల్ హసన్ తానీషా. బయట ఉన్నది మొఘల్ చక్రవర్తి ఔరంగజేబు. ఇద్దరూ కలిమా చదివినవారే. ఎనిమిది నెలల ముట్టడిలో వానలు, కరువు, రోగాలు మొఘల్ సైన్యాన్ని కుంగదీశాయి. ఫిరంగులు కూడా కోటను లొంగదీయలేకపోయాయి. చివరకు సెప్టెంబరులో ఒక రాత్రి, లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ శత్రువుకు అమ్ముడుపోయి ద్వారం తెరిచాడు. అదే రాత్రి అబ్దుర్రజాక్ లారీ అనే మరో సర్దారు ఒళ్ళంతా గాయాలయ్యేదాకా పోరాడి నేలకూలాడు. ఔరంగజేబు ఎర చూపిన పదవులను అంతకు ముందే తిరస్కరించిన మనిషి ఆయన. ఆ విశ్వాసాన్ని గౌరవించి, ఔరంగజేబే తన వైద్యులను పంపి చికిత్స చేయించాడు. ఇద్దరు సర్దార్లూ ఒకే రాజు ఉప్పు తిన్నవారు. ఒకడు అమానతును అమ్ముకున్నాడు, మరొకడు ప్రాణమొడ్డి కాపాడాడు.

బాలాహిసార్ ద్వారం కింద గుమ్మటంలో చప్పట్లు కొడితే కొండ శిఖరాన వినిపిస్తుంది. పిల్లలు ముచ్చటపడి కొట్టారు. శత్రువు రాకను పసిగట్టే ఏర్పాటు అది. ఎంత దూరపు శబ్దాన్నైనా పట్టగల ఈ కట్టడానికి కాపలాదారు మనసులోని మోసం మాత్రం వినబడలేదు.

అక్కడికి దగ్గరలోనే జామె మస్జిదు ఉంది. రాజవంశ స్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో అక్కడే హత్యకు గురయ్యాడు. ఆ కుట్ర వెనుక ఉన్నది కన్నకొడుకు జంషీదేనని చరిత్రకారులు రాశారు. అధికార దాహం నమాజు వేళను కూడా గౌరవించలేదు.

మెట్లు ఎక్కుతూ ఉంటే గొంతులు ఎండిపోయాయి. సగం దారిలోనే సీసాలు ఖాళీ అయ్యాయి. అప్పుడు గోడల్లోని మట్టి గొట్టాలను చూపించాను. చక్రాల సాయంతో నీటిని అంచెలంచెలుగా తొట్లకు ఎత్తి, ఈ గొట్టాల గుండా శిఖరం దాకా చేర్చేవారు. ఆ మండుటెండలో సుల్తానుల బిరుదుల కన్నా ఆ నీరు తోడిన చేతులే మాకు గొప్పగా తోచాయి. వారి పేర్లు మనకు తెలియవు. అల్లాహ్‌కు తెలుసు.

పైన ఇబ్రహీం మస్జిదు, జగదాంబ అమ్మవారి గుడి ఒకే కొండను పంచుకుంటున్నాయి. నగరంలో ఆషాఢ బోనాలు ఈ కొండ నుండే మొదలవుతాయి. భద్రాచల రామదాసును బంధించిన చెర కూడా ఈ కోటలోనే ఉంది. ఆయన మేనమామలైన అక్కన్న, మాదన్నలు తానీషా కొలువులో అత్యున్నత పదవులు నిర్వహించారు. ‘మన కోట, వారి కోట’ అనే గీత గీయడానికి ఈ రాళ్ళ మీద చోటు లేదు.

శిఖరం నుండి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. వాటిలో తానీషా సమాధి లేదు. ఆయన దౌలతాబాద్ కోటలో బందీగానే కన్నుమూశాడు, ఖుల్దాబాద్‌లో ఖననమయ్యాడు. 1707లో మరణించిన ఔరంగజేబును ఖననం చేసినదీ ఆ ఊళ్ళోనే, పైకప్పు లేని సాదా సమాధిలో. గెలిచినవానికీ ఓడినవానికీ చివరకు దక్కింది ఒకే ఊరి మట్టి.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలను ఇలాంటి చోట్లకు తప్పక తీసుకువెళ్ళండి. ఎండాకాలమైతే ఉదయాన్నే బయలుదేరండి, నీళ్ళు ఎక్కువగా పెట్టుకోండి. భూమిలో సంచరించి పూర్వీకుల పర్యవసానం చూడమని ఖుర్ఆన్ పలుమార్లు ఆదేశించింది. కానీ వంశగర్వం నింపుకుని రావడానికి కాదు. తరగతిలో ఎవరైనా “మీ రాజులు” అని ఎత్తిపొడిస్తే మన బిడ్డ కుంగిపోనక్కరలేదు, పొగిడితే పొంగిపోనూ అక్కరలేదు. రాజుల లెక్క రాజులే అప్పజెప్పుకుంటారు. దుకాణంలో తూకం, కార్యాలయంలో తాళంచెవి, పొరుగువాడు నమ్మి చెప్పిన రహస్యం, ఇవే మన చేతిలో ఉన్న ద్వారాలు. వాటి దగ్గర మనం ఎవరిలా నిలబడుతున్నామో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించాలి.