కౌరులో షేర్ ఆటో

పారిస్‌లో ఎక్కిన విమానం అట్లాంటిక్ దాటి ఫ్రెంచ్ గయానా రాజధాని కయెన్‌లో దింపింది. దేశం ఫ్రాన్సే, చేతిలో యూరోలే, ఒంటికి మాత్రం ఊపిరాడని ఉక్కపోత. అక్కణ్నుంచి రాకెట్ కేంద్రం ఉన్న కౌరు 60 కిలోమీటర్లు. దారి పొడవునా అడవి, నడుమ గడ్డి మైదానాలు. ఊరు చేరి సముద్రం చూస్తే నీలం ఊసే లేదు. అమెజాన్ మోసుకొచ్చే ఒండ్రు కలిసి గోధుమరంగుకు తిరిగింది. ఎదురుగా ఒకప్పుడు ఫ్రాన్స్ తన ఖైదీలను పడేసిన దీవులు. రాకెట్ ఆ దిక్కుగానే వెళ్తుంది కాబట్టి ప్రయోగం రోజున అక్కడ ఎవర్నీ ఉండనివ్వరు.

ఇంత మారుమూల రాకెట్ కేంద్రం పెట్టింది భూమధ్యరేఖ కోసం. మన టీవీ డిష్ కదలకుండా ఒకేవైపు చూస్తూ ఉండాలంటే, ఉపగ్రహం ఆ రేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరగాలి. రేఖకు ఎంత దూరం నుంచి బయల్దేరితే కక్ష్య అంత వాలుతుంది. ఆ వాలు సరిచేసుకోవడానికి ఉపగ్రహం తన ఇంధనమే తగలెయ్యాలి. అది మిగిలితే ఆయుష్షు. శ్రీహరికోట దాదాపు 14 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, కౌరు 5 డిగ్రీల దగ్గరే ఉంది.

2022 జూన్ 22. ఏరియన్-5 రాకెట్లో పైన మలేషియా వాళ్ల మీశాట్-3డి, కింద మన జీశాట్-24. మనది 4,180 కిలోలు. అప్పట్లో మన అతిపెద్ద రాకెట్ ఆ కక్ష్య దారిలో మోయగలిగింది సుమారు నాలుగు టన్నులే. అందుకే పరాయి బండి ఎక్కాల్సి వచ్చింది. ఇద్దరూ కిరాయి పంచుకున్న షేర్ ఆటో ఇది. పైవాళ్లు దిగితేగానీ కిందివాళ్లకు దారి లేదు.

సాయంత్రం ఒడ్డున జనం మడతకుర్చీలు వేసుకు కూర్చున్నారు. పక్కాయన "మీదేది?" అనడిగితే "కిందది" అన్నాను. ఎవరి ఫోన్లోనో ఫ్రెంచిలో అంకెలు తగ్గుతున్నాయి. 6:50కి చెట్ల వెనక భగ్గుమంది. చప్పుడు లేదు. మంట ఎంతో ఎత్తుకు లేచాక వచ్చింది ఉరుము, గుండెల మీద గుద్దినట్టు. రెండు నిమిషాలు దాటాక పక్క బూస్టర్లు ఊడిపోయాయి. జనం కుర్చీలు మడిచేశారు.

నేను ఫోన్లో చూస్తూ ఉండిపోయాను. మొదట మీశాట్ దిగింది. బయల్దేరిన 40 నిమిషాలకు జీశాట్ విడిపోయింది. ఇండియాలో తెల్లవారుజాము నాలుగు. కర్ణాటకలోని హాసన్ ఇస్రో కేంద్రం పగ్గాలు అందుకుంది. షేర్ ఆటో మెయిన్‌రోడ్డు మీదే దింపుతుంది, ఇంటిదాకా నడక మనదే. అప్పటికి ఉపగ్రహం తిరిగేది కోడిగుడ్డు ఆకారపు దారిలో. ఒక కొస భూమికి కొన్ని వందల కిలోమీటర్లలో, రెండోది దాదాపు 36 వేలలో. పై కొసకు చేరినప్పుడు సొంత ఇంజిన్ మండించుకుని, కింది కొసను విడతలవారీగా పైకి తెచ్చుకోవాలి.

1981 జూన్ 19న మన ఆపిల్ ఉపగ్రహం వెళ్లింది ఈ కౌరు నుంచే. ఏరియన్‌కి అది మూడో పరీక్ష ప్రయోగం. నమ్మకం కుదరని బండి కాబట్టి ఉచితంగా ఎక్కించుకున్నారు. ఈసారి ప్రభుత్వ సంస్థ న్యూస్పేస్ ఇండియా కిరాయి కట్టింది, అదీ ఉపగ్రహం సామర్థ్యమంతా డీటీహెచ్ సంస్థ టాటా ప్లేకి ముందే అద్దెకిచ్చేసి. ఏదో సాహసం చూస్తాననుకుని అంతదూరం వెళ్లాను. చూసింది బేరం కుదిరాక సాగిన ప్రయాణం. అది అంత మామూలు సంగతైపోవడమే 41 ఏళ్ల సంపాదన.