ఫోర్ వీల్ పికప్‌కి టైర్లు కొనేముందు కాంటా ఎక్కించండి



పోయినసారి క్యారెట్ గురించి ఇంత పొడుగు రాస్తే, ఫోన్ చేసినోళ్లలో సగం మంది క్యారెట్ సంగతి అడగనే లేదు. ఫొటోలో వెనక నిలబెట్టిన బండికి ఏం టైర్లు వేయించినవ్, ఎంతయింది అని అడిగిన్రు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే అంతా ఇక్కడ రాస్తున్న. జర ఓపికగా చదవండి, ఇది డబ్బుతో పాటు ప్రాణంతో కూడా ముడిపడ్డ సంగతి.

మా ఊరు చేవెళ్ల దగ్గర అని మీకు తెలుసు. వారానికి నాలుగు రోజులు కూరగాయలు నింపుకొని మొయినాబాద్, అప్పా జంక్షన్, నార్సింగి మీదుగా గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లకు వేస్తం. రానుపోను ఎనభై కిలోమీటర్లు తగ్గదు. 1998లో మాదాపూర్ల సైబర్ టవర్స్ మొదలయినప్పుడు ఆ చుట్టుపక్కల అంతా రాళ్లగుట్టలే. ఇప్పుడు ఆ గుట్టల మీద ఉన్నోళ్లే మన టమాట తింటున్నరు, సంతోషం.

బండి డబుల్ క్యాబిన్ క్యాంపర్, ఫోర్ వీల్. సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్నం. ఫోర్ వీల్ ఎందుకంటే, మా బోరు కాడి చెలక నుంచి బాట దాకా అరకిలోమీటరు నల్లరేగడి. వాన పడితే మామూలు పికప్ అక్కడే కూసుంటది. పోయిన ఏడాది జూన్ వచ్చేసరికి టైర్లు నాలుగూ గుండయినయి. టైరు గీతల మధ్య అడుగున చిన్న గడ్డలు ఉంటయి చూడండి, రబ్బరు అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. ఆ తర్వాత నడపకూడదు. మావి ఆ గడ్డలు కూడా దాటిపోయినయి.

మా పోరడు ఫోన్ల ఒక ఫొటో చూపించిండు. నల్లటి అల్లాయ్ డిస్కులు, గుబ్బల టైర్లు, బండి కొంచెం పైకి లేపి ఉంది. ఐటీ ఆఫీసుల ముందు ఇట్లాంటివి మస్తు కనపడతయి. ఎక్కువ ఇసుజు వి-క్రాస్‌లు. మన తిరుపతి దిక్కు శ్రీసిటీల తయారయ్యే బండే అది. చూడటానికి బాగుంటయి, కాదనను.

"నాయినా, ఎట్లాగూ టైర్లు మార్చాలె కదా, ఒక్కసారే ఇవి వేయిద్దాం" అన్నడు.

సరే, అడిగితే పోయేదేముందని కొండాపూర్ దిక్కు సరుకు దించి ఒక షాపుకి పోయినం. పేరెందుకు లెండి. ఆ పిల్లగాడు బండి చూసి ఒక్క నిమిషంల లెక్క చెప్పిండు: అల్లాయ్ డిస్కులు నాలుగు, 31 అంగుళాల మడ్ టైర్లు నాలుగు, రెండంగుళాలు పైకి లేపే కిట్టు, మొత్తం లక్షా అరవై వేలు. "అంకుల్, పొలానికి పోతరు కదా, మీకు మడ్ టైరే కరెక్ట్" అన్నడు. మీరు ఎంత బరువు వేస్తరు, రోజుకి ఎంత దూరం పోతరు అని మాత్రం అడగలేదు. నాకు అక్కడే అనుమానం కొట్టింది. ఎరువుల షాపోడు కూడా నీ పంటేందని అడిగి మందు ఇస్తడు కదా.

నేను రేపు చెప్తనని వచ్చేసిన. మరునాడు పొద్దున నలభై క్రేట్లు నింపి బండిని కాంటా మీదికి తోలిన. మొదలు మొత్తం బండి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేటట్టు. మొత్తం 2,680 కిలోలు, వెనక ఇరుసు మీద 1,620. అంటే ఒక్కో వెనక టైరు 810 కిలోలు మోస్తున్నది. టైర్ల గురించి ఎవరేం చెప్పినా మన దగ్గర ఈ లెక్క ఒకటి ఉండాలె. కాంటాకు అయ్యే ఖర్చు చాయ్ బిస్కెట్ల ఖర్చే.

ఇప్పుడు టైరు పక్కన రాసింది చదవండి. మా దాని మీద 235/75 R15 అని ఉంది. 235 అంటే వెడల్పు మిల్లీమీటర్లల్ల. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పుల నూటికి 75 వంతు, అంటే 176. 15 అంటే డిస్కు అంగుళాలు. డిస్కు 381 మిల్లీమీటర్లు, పైన 176, కింద 176, మొత్తం చక్రం ఎత్తు 733. దాని పక్కనే ఇంకో అంకె, ఒక అక్షరం ఉంటయి, 105 S లాగా. చాలామంది చూడనిది అదే. ఆ 105 అంటే ఆ టైరు నిండా గాలితో 925 కిలోలు మోస్తది. 109 అయితే 1,030. సైజు ఒకటే ఉన్నా ఈ అంకె మారొచ్చు. మా 810కి 925 సరిపోతది కదా అనిపిస్తది. కానీ బోనాలప్పుడు, సంక్రాంతి ముందు మనం నలభై క్రేట్ల దగ్గర ఆగుతమా? ఒక పక్క క్రేట్లు ముందు దించితే బరువంతా రెండో పక్కకి పోతది, గుంతల పడితే దెబ్బ అంతా ఒక్క టైరుదే. అందుకే నేను 109 కంటే తక్కువ వద్దనుకున్న. మీ బండికి సైజు వేరే ఉండొచ్చు, డ్రైవర్ డోరు దగ్గర ప్లేటు మీదో, బండి పుస్తకంలనో ఉంటది చూసుకోండి.

షాపోడు చెప్పిన 31 అంగుళాలు అంటే 787 మిల్లీమీటర్లు. మా దానికంటే 54 ఎక్కువ, నూటికి ఏడు. ఏడే కదా అనుకోవద్దు. మీటరు 60 చూపిస్తే బండి 64 మీద పోతుంటది. చక్రం పెద్దదైనకొద్దీ లాగే బలం కూడా అంతే తగ్గుతది. నిండు లోడుతో చెలక గట్టు ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ మీద గుంజుతుంటే క్లచ్ ప్లేటు వాసన మనకే వస్తది. ఇంక పైకి లేపే కిట్టు సంగతి. టైరుతో ఒక అంగుళం, కిట్టుతో రెండు, మొత్తం తొట్టి మూడంగుళాలు పైకి పోతది. క్రేట్లు ఎత్తేది నేనూ మా ఇంటామే. ఇరవై రెండు కిలోల క్రేటు నలభై సార్లు మూడంగుళాలు ఎక్కువ ఎత్తాలె. ఆమె నడుము గురించి ఆ పిల్లగాడికి ఏం తెలుసు!

మడ్ టైరు అంటే మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ లాంటిది. మడిల దిగితే దాన్ని మించింది లేదు, సిమెంటు రోడ్డు మీదికి తెస్తే బండికీ చేటు, రోడ్డుకీ చేటు. మడ్ టైరు అంత ఘోరం కాదు గానీ గుణం అదే. గుబ్బల మధ్య సందులు పెద్దవి, కాబట్టి తారు రోడ్డు మీద ఆనే రబ్బరు తక్కువ. తడిసిన రోడ్డు మీద బ్రేకు కొడితే ఎక్కువ దూరం పోయి ఆగుతది, గోల చేస్తది, తొందరగా అరుగుతది. మా ఎనభై కిలోమీటర్లల్ల మట్టి ఎంత? పోను అర, రాను అర, మొత్తం ఒకటి. మిగిలిన డెబ్బై తొమ్మిది తారు. అదీ తెల్లారుజామున నాలుగింటికి, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల నడుమ, ఎదురుంగ లారీల లైట్లు కండ్లల్ల కొడుతుంటే. సగం రోజులు నడిపేది మా పోరడే. ఒక్క కిలోమీటరు బురద కోసం డెబ్బై తొమ్మిది కిలోమీటర్లు వాడు జారే టైరు మీద పోవాల్నా?

బురదల కూడా మడ్ టైరు మంత్రం ఏం కాదు. మా పక్క చెలక గచ్చిబౌలిల పనిచేసే ఒక సారు కొన్నడు. మంచి మనిషి, శని ఆదివారాలు వస్తడు. ఆయన బండికి అన్నీ పెద్ద పెద్ద మడ్ టైర్లు. పోయిన వానకాలం మా నల్లరేగడిల దిగబడ్డడు. రేగడి గుబ్బల మధ్య మెత్తుకొని టైరు నున్నగ బూరె లాగ అయింది. ట్రాక్టర్‌తో గుంజిన తర్వాత గాలి ఎంతుంది సార్ అంటే ముప్పై అయిదు అన్నడు. రోడ్డు మీద పెట్టిన గాలే. నేను నాలుగు టైర్లల్ల ఇరవైకి దించిపిచ్చిన. లో గేర్ల మెల్లగ తోలితే అదే బండి అదే బురదల నడిచింది. గాలి తగ్గిస్తే టైరు పొడుగ్గా పరుచుకొని నేలను ఎక్కువ పట్టుకుంటది. మనం దుక్కిల ట్రాక్టర్‌కి గాలి తగ్గించేది అందుకే కదా. కాకపోతే లోడు ఎక్కించక ముందు, రోడ్డెక్కక ముందు మళ్ల నింపాలె. తగ్గిన గాలితో లోడు మీద రోడ్డు పట్టుకుంటే పక్కగోడ వేడెక్కి పగులుతది. బ్యాటరీకి తగిలించే గాలి పంపు ఒకటి సీటు కింద పెట్టుకోండి. లక్ష రూపాయల టైర్ల కంటే అది ఎక్కువ పనికొస్తది.

ఇదే కారణంతో 20 అంగుళాల డిస్కులు మన బండ్లకు అస్సలు వద్దు. డిస్కు పెద్దదైతే రబ్బరు గోడ పలచనైతది. గాలి తగ్గించే వీలుండదు, గుంతల పడితే దెబ్బ నేరుగా డిస్కుకే. ఇనుప డిస్కు వంగితే సుత్తితో సరిచేస్తరు, అల్లాయ్ పగిలితే పారేయాల్సిందే.

డిస్కులు మార్చాలనే పట్టుదల ఉంటే మూడు చూసుకోండి. బోల్టుల లెక్క, వాటి మధ్య కొలత బండిదే ఉండాలె. నడిమి రంధ్రం హబ్ మీద బిగువుగా కూర్చోవాలె. నట్టు కూర్చునే గుంట ఆకారం, నట్టు ఆకారం కలవాలె, లేకుంటే ఎంత బిగించినా వదులైతది. ఇంక ఆఫ్‌సెట్ అని డిస్కు లోపల ఒక అంకె ఉంటది. 30 ఉన్నకాడ 0 డిస్కు వేస్తే చక్రం 30 మిల్లీమీటర్లు బయటికి పోతది. చూసేవాళ్లకు బండి బలిసినట్టు కనపడతది, బేరింగుకు మాత్రం రోజూ పోటే. డిస్కుకీ హబ్‌కీ నడుమ స్పేసర్లు పెట్టిస్తమంటే వెనక్కి తిరిగి చూడకుండ వచ్చేయండి.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద 2019 జనవరిల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేరళ నుంచి పోయిన కేసు. కంపెనీ ఇచ్చిన అసలు కొలతలకు విరుద్ధంగా బండిని మార్చొద్దన్నది దాని సారాంశం. రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సోడు మొదలు చూసేది ఇట్లాంటివే.

ఫోర్ వీల్ బండ్లోళ్లు మరిచిపోయే ముచ్చట ఒకటుంది. మనకు అలవాటు, చేతిల పైసలు లేకపోతే రెండు టైర్లు ఇప్పుడు, రెండు దసరాకు. టూ వీల్ డ్రైవ్‌కి నడుస్తది. మన పికప్‌లల్ల ఫోర్ వీల్ వేస్తే ముందు వెనక షాఫ్టులు ఒకటే వేగంతో తిరుగుతయి. ముందు కొత్త టైరు, వెనక గుండు టైరు ఉంటే చక్రాల ఎత్తు తేడా వచ్చి గేర్ల మీద పోటు పడతది. బురదల చక్రం కొంచెం జారి సర్దుకుంటది, గట్టి రోడ్డు మీద ఆ వీలుండదు. ఫోర్ వీల్ ట్రాక్టర్ ఉన్నోళ్లకు తెలుసు, ముందు టైరు సైజు మారిస్తే ఎట్లుంటదో. అందుకే నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, ఒకేసారి. స్టెప్నీ కూడా అదే సైజు. ఆ షాపోడు ఇచ్చిన లెక్కల నాలుగే ఉన్నయి. స్టెప్నీ పాతదే ఉంటే రాత్రి పంచరైననాడు ఒక చక్రం 733, మిగిలిన మూడూ 787. తారు రోడ్డు మీద, పొడి నేల మీద ఫోర్ వీల్ వేయొద్దన్నది కూడా ఇందుకే.

చివరికి ఏం వేయించిన అంటే, పాత ఇనుప డిస్కులే ఉంచి తుప్పు గీకించి రంగు వేయించిన. అదే 235/75 R15 సైజు, 109 అంకె, ఆల్ టెరైన్ రకం టైర్లు అయిదు. అటు మడ్ కాదు, ఇటు పూర్తిగా రోడ్డుదీ కాదు. ఒక్కోటి పదకొండు వేల అయిదు వందలు, అయిదు కలిపి యాభై ఏడు వేల అయిదు వందలు. అలైన్‌మెంట్ వేరే. కంపెనీ పేరు రాస్తే నేనేదో కమిషన్ తిన్ననంటరు. మా పక్కనున్న సదాశివపేటల ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది, శ్రీసిటీ దిక్కు అపోలోది ఉంది, టైర్లకు మనకు కరువు లేదు. కొనేటప్పుడు పక్కన గుండ్రని గడిల నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024ల 23వ వారం తయారైందని. మూడేండ్ల పాత సరుకు కొత్తదని చెప్పి అంటగడితే తీసుకోవద్దు, విత్తనం సంచి మీద తారీఖు చూసినట్టే ఇదీ చూసుకోవాలె.

మిగిలిన లక్షల కొంత పెట్టి ఆ అరకిలోమీటరు బాటకు మొరం పోయించిన. ఇప్పుడు ఫోర్ వీల్ వేసే పని నెలకు రెండుసార్లు కూడా పడతలేదు. మా పోరడు మొదట్ల రెండు రోజులు ముఖం ముడుచుకున్నడు. మొన్న వానలో తెల్లారుజామున మొయినాబాద్ దగ్గర బర్రె అడ్డమొస్తే బండి నిలబడ్డ తీరు వాడే ఇంటికొచ్చి చెప్పిండు. నల్ల డిస్కుల ఫొటో మాత్రం ఇంకా ఫోన్ల ఉంది, చూసిన.