జట్టులో నాలుగో అమ్మాయి

మీ ఇంట్లో కాలేజీకెళ్లే అమ్మాయి ఉందా? పొద్దున్నే అయిదింటికి లేచి "అమ్మా, గ్రౌండుకి వెళ్తున్నా" అంటే మీరేమంటారు? "పరీక్షలు దగ్గర పడుతుంటే ఇప్పుడా గంతులెందుకే?" అంటారా? లేకపోతే "ఎండలో తిరిగితే నల్లబడతావు" అంటారా? ఈ రెండు మాటలూ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గౌడవెల్లి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో అమ్మాయిల పరుగుపందెం జట్టును తయారుచేయడం నా ఉద్యోగం మరి!

గౌడవెల్లి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వెళ్లే రైలు మార్గంలో మేడ్చల్‌కి ఈవతల చిన్న స్టేషను. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్షతోటలే. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు, గోదాములు, ఇంజినీరింగు కాలేజీలు, ప్లాట్ల బోర్డులు. 2023లో మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మొదలయ్యాక నగరం మరీ దగ్గరైపోయింది. అయినా చెరువు కట్ట మీద ఎర్రమట్టి దారి మాత్రం ఇంకా మిగిలే ఉంది. మా గ్రౌండు అదే.

మాది క్రాస్ కంట్రీ జట్టు. అంటే గుండ్రటి ట్రాకు మీద తిరగడం ఉండదు. మట్టి, గడ్డి, ఎత్తూ పల్లం - ఏది అడ్డొస్తే దాని మీదుగా పది కిలోమీటర్లు పరుగెత్తాలి. మంచు పడే దేశాల్లో కాలేజీలకు స్కీయింగ్ జట్లుంటాయి. కాళ్లకు పొడుగాటి బద్దలు కట్టుకుని కొండ మీంచి జారే ఆ పందేలు టీవీలో చూసి మా పిల్లలు "మేడమ్, మనకీ మంచుంటే ఎంత బాగుండేది!" అని నవ్వుతారు. మన దేశంలో ఆ ఆటకి గుల్‌మార్గ్, ఔలీ లాంటి చోట్లకి వెళ్లాలి. మనాలి దగ్గరి పల్లెటూరి పిల్ల ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్య పతకం గెలిస్తే, స్కీయింగ్‌లో మన దేశానికి దక్కిన మొదటి అంతర్జాతీయ పతకం అదే అయింది. మాకు మంచు లేదు గానీ ఆ జట్లతో ఒక పోలిక ఉంది. పందెంలో ఎవరి కాళ్లు వాళ్లవే. లెక్క మాత్రం అందరిదీ కలిపి వేస్తారు.

ఆ లెక్క మీకు చెప్పాలి. ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దాని మీదే ఉంది. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో జట్టుకి ఆరుగురు దిగితే, ముందుగా చేరిన నలుగురి స్థానాలు కూడతారు. కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లదే గెలుపు. మేమూ ఆ లెక్కే పెట్టుకుని తయారవుతాం. ఒక జట్టులో అమ్మాయిలు 2, 5, 9, 40 స్థానాల్లో వచ్చారనుకోండి. మొత్తం 56. ఇంకో జట్టు వాళ్లు 8, 10, 12, 15 స్థానాల్లో వచ్చారు. మొత్తం 45. మెరుపుతీగలాంటి పిల్లలు ముగ్గురున్న జట్టు ఓడిపోయింది, చూశారా! ఓడించింది నాలుగో స్థానం.

అందుకే నా కళ్లెప్పుడూ నాలుగో అమ్మాయి మీదే ఉంటాయి.

మొదటి అమ్మాయి సంగతి వేరు. ఆమెకి పరుగు పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. పేపర్లో ఫొటో పడి ఉంటుంది. ఇంట్లో వాళ్లు కూడా "మా పిల్లకి కప్పులొస్తాయి" అని చుట్టాలకి చెప్పుకుంటారు. నాలుగో అమ్మాయికి ఇవేవీ ఉండవు. తమ్ముడికి బాక్సు కట్టి, వాకిలి ఊడ్చి, బస్సెక్కి వస్తుంది. వారంలో రెండు రోజులు రాదు. "చుట్టాలొచ్చారు మేడమ్", "అమ్మకి ఒంట్లో బాగాలేదు మేడమ్" అంటుంది. పరుగు నేర్పడం పెద్ద కష్టం కాదండీ. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా మొదలుపెట్టాలి, వారానికి పదో వంతుకి మించి దూరం పెంచకూడదు, ఒకరోజు ఎత్తు ఎక్కించాలి, ఒకరోజు పూర్తిగా విశ్రాంతినివ్వాలి. ఈ మాత్రం ఓపికున్న ఎవరైనా నేర్పగలరు. ఆ అమ్మాయిని రోజూ ఇంట్లోంచి బయటికి రప్పించడమే అసలు పని. అది నా చేతిలో లేదు. మీ చేతిలో ఉంది.

ఒక సంవత్సరం పోటీలు మూడు వారాలుందనగా మా నాలుగో అమ్మాయి రావడం మానేసింది. నాలుగు నెలల్లో పది కిలోమీటర్ల పరుగును 66 నిమిషాల నుంచి 54కి దించుకున్న పిల్ల! నేనే వాళ్లింటికి వెళ్లాను. తల్లి పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తోంది. పీట వేసి కూర్చోమని, మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మీరు మంచిగనే చెప్తరు మేడమ్. కానీ సంబంధాలు చూస్తున్నం. పిల్ల ఎండల ఉరికి నల్లగైతే రేపు వచ్చెటోళ్లకు ఏం చెప్పాలె?"

"అక్కా, మేం ఏడింటికల్లా ముగిస్తాం. అప్పటికి ఎండ ఎక్కడిది?" అన్నాను.

ఆమె రొట్టె తిప్పుతూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎండ సంగతి ఇడిచిపెట్టుండ్రి. అయిదు గొట్టంగ చీకట్ల ఆడపిల్ల ఒక్కతే బస్సు కాడ నిలబడాలె. అటెంక లారీలు. మీకు పిల్లలున్నరా?" అంది.

చూశారా, అసలు భయం ఎక్కడుందో! రంగు అనేది పైకి చెప్పే కారణం. ఆ చీకటికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. "ఆడపిల్లలు ధైర్యంగా ఉండాలి" అని ఉపన్యాసం ఇస్తే వీధిలో దీపం వెలుగుతుందా? ఆ అడిగిన దానిలో న్యాయముంది. చివరికి ఆమే అంది - "మూడు వారాలే గద. నేనే తోల్కొస్త."

అన్నట్టే వచ్చింది. శాలువా కప్పుకుని కట్ట మీద కూర్చునేది. ఊరికే కూర్చోలేక కూతురు ఎన్ని చుట్లు తిరిగిందో గులకరాళ్లతో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. చుట్టుకో రాయి. వారం తిరిగేసరికి ఆరుగురివీ ఆరు కుప్పలు. "మేడమ్, గా పొడుగు పిల్ల ఒక చుట్టు ఎగ్గొట్టింది" అని నాకు పితూరీలు కూడా చెప్పేది!

పోటీలో మా జట్టుకి మూడో స్థానం వచ్చింది. రెండు మార్కుల తేడా. మా నాలుగో అమ్మాయి ఆఖరి రెండు వందల మీటర్లలో ముగ్గుర్ని దాటింది. ఆ ముగ్గురూ ఆమె ముందే ఉండిపోయి ఉంటే మాకు ఆ పతకం లేదు. మరి పెళ్లి సంబంధం ఏమైందని అడుగుతారు మీరు, నాకు తెలుసు. అది తప్పిపోయింది, కట్నం దగ్గర. రంగు మాట ఎవరూ ఎత్తనేలేదట.

ఆడవాళ్లు ఇంత దూరం పరుగెత్తగలరా అన్న సందేహం మన ఇళ్లలోనే పుట్టిందనుకోకండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్ల పందెం పెట్టారు. చివర్లో అలసిపోయి ఒగర్చారని, ఇది వాళ్ల శరీరానికి తగదని తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోమ్‌లో! 1967లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ అనే అమ్మాయి నంబరు కట్టుకుని పరుగెడుతుంటే నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు లాగేయబోయాడు. ఆమె పరుగు పూర్తి చేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ 1984లో గానీ రాలేదు. ప్రపంచ క్రాస్ కంట్రీలో మగవాళ్లతో సమానంగా పది కిలోమీటర్లు ఇచ్చింది 2017లో. అంటే నిన్నగాక మొన్న!

ఇక మన పిల్లల సంగతి చూడండి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేసింది, ఆస్పత్రిలో శుభ్రం చేసే పనికి వెళ్లింది. ఆ జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్లలోపు పూర్తిచేసిన మొదటి భారతీయురాలు. 2023లో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో కాంస్యం, అదే ఏడు ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. ఆ పిల్లే 2024లో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, తర్వాత పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. వీళ్లిద్దరికీ శిక్షణ ఇచ్చినవారిలో నాగపురి రమేష్ గారున్నారు. ఆయనకు 2016లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. మాకు దగ్గర్లోనే, శామీర్‌పేట వైపు హకీంపేటలో, 1993 నుంచి క్రీడా పాఠశాల నడుస్తోంది. గురువులున్నారు, బడులున్నాయి. పొద్దున్నే తలుపు తీసి పంపే చెయ్యి మాత్రం మీదే కావాలి.

పంపడం అంటే ఏం చేయాలి? నా అనుభవంలో తేలినవి చెప్తాను. ఖర్చు పెద్దగా లేనివే.

ముందు తిండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మీ అమ్మాయి మెట్లెక్కితే ఆయాసపడుతుంటే బద్ధకమని తిట్టకండి. ముందు రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12కి తగ్గితే డాక్టరుకి చూపించాలి. తోటకూర, పాలకూర, నువ్వులు, అలవాటుంటే మాంసం, లివరు పెట్టండి. అన్నంలో నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోంచేసిన వెంటనే టీ, కాఫీ వద్దు, ఓ గంట ఆగమనండి.

ఖాళీ కడుపుతో పరుగుకి పంపకండి. అరగ్లాసు రాగిజావ (మా వైపు తైద అంబలి అంటారు) లేదా ఒక అరటిపండు చాలు. వచ్చాక అరగంటలో ఉడికించిన గుడ్డో, పెసరట్టో, పుట్నాలపొడి వేసిన ఇడ్లీలో పెట్టండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. అది ఎముకలకి బలం. "సన్నబడాలి" అని అన్నం మానేసి పరుగెత్తే పిల్లల మీద మాత్రం ఓ కన్నేసి ఉంచండి. చాలినంత తినకుండా పరుగెత్తితే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. వరసగా మూడు నెలలు రాకపోతే "అదే వస్తుందిలే" అనుకోకుండా లేడీ డాక్టరుకి చూపించండి. నెలసరి రోజుల్లో ఓపికుంటే పరుగెత్తవచ్చు, తప్పేం లేదు. నొప్పిగా ఉంటే విశ్రాంతి తీసుకోమనండి.

తర్వాత బూట్లు. సాయంత్రం పూట కొనండి, పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అక్క బూట్లు చెల్లికి వేయకండి, ఒకరి పాదానికి అరిగినవి ఇంకొకరికి మోకాలి నొప్పి తెస్తాయి. పరుగుకని ప్రత్యేకంగా అమ్మే బిగుతైన లోదుస్తులు కూడా కొనివ్వండి. ఆ మాట అడగలేక మానేసిన పిల్లలు నాకు తెలుసు.

ఇక ఆ చీకటి. దానికి ఇప్పటికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, జత. ఒకే వీధిలో ముగ్గురు తల్లులు మాట్లాడుకుని రోజుకొకరు చొప్పున పిల్లల్ని దిగబెడితే వారానికి రెండు రోజులే మీవంతు. కట్ట మీద కూర్చోవద్దు, మీరూ నాలుగడుగులు నడవండి. మోకాళ్ల నొప్పులకి వేరే మందు కొననక్కర్లేదు!

మీ అమ్మాయి ఒలింపిక్స్‌కి వెళ్తుందని నేను చెప్పను. బహుశా మొదటి స్థానంలో కూడా రాదు. కానీ జట్టు లెక్కలో ఆమె స్థానం కూడా కూడతారు. తన వంతు అడుగులు తక్కువైతే నలుగురూ ఓడతారని తెలిసిన పిల్ల రేపు ఉద్యోగంలోనైనా, సంసారంలోనైనా తన వంతు వదిలేయదు. ఆఖరి రెండు వందల మీటర్లు మిగిలున్నప్పుడు ఆగిపోదు.

ఈ రాత్రి రెండు చెంచాల రాగిపిండి నీళ్లలో కలిపి, మూత పెట్టి పడుకోండి. పొద్దున్నే కాచడానికి అయిదు నిమిషాలు పడుతుంది.