అమ్మ కాఫీ డబ్బులతో నేను చేసిన తప్పు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు "అన్నా, మ్యూచువల్ ఫండ్‌లో పెట్టొచ్చా?" అని అడుగుతున్నారు. అందుకే నా సంగతి దాచకుండా రాస్తున్నాను.

మాది పాడేరు దగ్గర చిన్న ఊరు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయంలో చేరాను, నెలకి 15,000. మా ఇంట్లో మొదటి నెలజీతం నాదే. 2020 జనవరిలో అమ్మ కాఫీ అమ్మిన 40,000 నా చేతిలో పెట్టి "చెల్లి ఫీజుకిరా, జాగ్రత్త" అంది. నేను ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, మొత్తం ఒకేసారి ఒక లార్జ్ క్యాప్ ఫండ్‌లో పెట్టేశాను. పెద్ద కంపెనీలే కదా, ఏం కాదులే అనుకున్నాను. అమ్మకి చెప్పలేదు.

మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడింది. యాప్ తెరిస్తే నా నలభై వేలు ఇరవై ఆరు వేల దగ్గరుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మేలో కాలేజీ వాళ్ళు మిగిలిన ఫీజు కట్టమన్నారు. వేరే దారి లేక తీసేస్తే ముప్పై వేల చిల్లర వచ్చింది. అప్పుడు చెప్పాను అమ్మకి. ఒక్క మాట కూడా అనలేదు. లాక్‌డౌన్‌కి సంతలు లేవు కాబట్టి ఊళ్ళోనే వచ్చిన ధరకి రెండు మేకలు అమ్మి ఫీజు నింపింది. తిట్టినా బాగుండేది.

అదే ఏడాది నవంబరులో నిఫ్టీ జనవరి నాటి ఎత్తు దాటేసింది. అప్పుడు అర్థమైంది, తప్పు ఫండ్‌ది కాదు. నాలుగు నెలల్లో కావాల్సిన డబ్బుని ఏళ్ళ తరబడి ఉంచాల్సిన చోట పెట్టాను.

లార్జ్ క్యాప్ ఫండ్ అంటే సెబీ నిబంధన ప్రకారం కనీసం 80 శాతం డబ్బు దేశంలో మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీల్లో పెట్టాలి. గ్రోత్ ఆప్షన్ అంటే లాభం మన చేతికి పంచరు, ఫండ్‌లోనే ఉంచి పెంచుతారు. కంపెనీలు పెద్దవైనంత మాత్రాన ధర పడదని కాదు. ఇంత వస్తుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఫీజు, వైద్యం, విత్తనాల డబ్బు బ్యాంకులోనే. ఆరు నెలల ఖర్చు పక్కన. అది పోగా మిగిలిందాంట్లో నెలకి 1,000 సిప్. ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ తీసుకున్నా. కనీసం ఏడేళ్ళు ముట్టను.

ఈ సంగతి అమ్మకి ముందే చెప్పి మొదలుపెట్టాను. "కాఫీ మొక్క కూడా మూడు నాలుగేళ్ళకి గానీ కాయదు కదా, అలాంటిదేనా?" అంది. అలాంటిదేనమ్మా, కాకపోతే కొన్నేళ్ళు కాపు తగ్గుద్ది అన్నాను.

చెల్లి కోర్సు పూర్తయింది, ఉద్యోగం చేస్తోంది. మొదటి జీతంతో అమ్మకి రెండు మేకపిల్లలు కొనిచ్చింది. సిప్ సంగతి తర్వాత చూద్దాం అంది. నేనూ తొందరపెట్టలేదు.