ఆకును చూసి మోసపోకండి!

చెరువు గట్టున కోసిన కూర మీలో ఎందరు వండుతారో గానీ, వండేవాళ్ళకి నా అనుభవం ఒకటి చెప్పాలనిపించింది.

పెళ్ళయి వరంగల్ దగ్గరి మా అత్తవారి ఊరికి వచ్చిన కొత్తలో, పొన్నగంటి కూర తెమ్మని అత్తమ్మ నన్ను చెరువు కట్టకు పంపింది. నేనేమో పట్నంలో పెరిగినదాన్ని. సన్నటి ఆకులు, తెల్లటి పూలు చూసి కొంగు నిండా కోసుకొచ్చాను. అత్తమ్మ నవ్వి, "ఇది గుంటగలగర బిడ్డా, తలనూనెలోకి పెట్టుకుంటాం, పప్పులోకి కాదు" అంటూ ఒక కాడ తుంచి నా అరచేతిలో నలిపింది. కాసేపటికి చెయ్యి నల్లబడింది!

మర్నాడు వెంట తీసుకెళ్ళి చూపించింది. పొన్నగంటి ఆకు నున్నగా ఉంటుంది, పూలు కాడ లేకుండా ఆకు మొదట్లోనే అతుక్కుని ఉంటాయి. గుంటగలగర ఆకు గరుకు. పువ్వు బుల్లి చామంతిలా విడిగా కాడ మీద నిలబడుతుంది.

నేను నేర్చుకున్నాను గానీ మా అమ్మాయికి నేర్పలేదు. నిరుడు సెలవులకొచ్చిన పిల్ల "అమ్మా, నీకిష్టమని తూటికూర తెచ్చా" అని సంచి నా ముందు పెట్టింది. కత్తిపీట ముందు కూర్చున్నాక ఆకు మరీ వెడల్పుగా అనిపించి ఆగాను. చూస్తే లొట్టపీసు చిగుళ్ళు! అది మరిగిన మేకలు వణికిపోయి, సరిగ్గా నడవలేక పడిపోతాయి. ఆ ఆకే మా కంచాల్లోకి వచ్చేది. పిల్లని తిట్టబోయి ఊరుకున్నాను. తప్పు దానిది కాదు, చెప్పని నాది.

ఆ సాయంత్రమే ఇద్దరం చెరువుకి వెళ్ళాం. తూటికూర బురద మీద, నీళ్ళ మీద తీగలా పాకుతుంది. ఆకు బాణం మొనలా ఉంటుంది, కాడ తుంచితే లోపల డొల్ల. లొట్టపీసు పొదలా నిలువుగా మనిషెత్తు పెరుగుతుంది, ఆకు రావి ఆకును పోలి ఉంటుంది. పూలంటారా, రెండింటివీ గరాటులాగే ఉంటాయి. వాటిని నమ్ముకోకండి.

ఆకు, పువ్వు, కాడ, పెరిగే తీరు, నాలుగూ సరిపోతేనే కోయండి. ఏ కాస్త అనుమానమున్నా వదిలేయండి. మురుగు కలిసే చెరువులోదైతే అసలైన కూరైనా వద్దు. తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే ఒకసారి వాళ్ళ వెంట వెళ్ళి చూసి రండి. పిల్లల్నీ తీసుకెళ్ళండి, నాలా ఆలస్యం చేయకుండా!