చూడటం వేరు... చూసుకోవడం వేరు!

ఇంగ్లీషులో ‘లుక్’ అంటే చూడటమని ఒకటో తరగతి పిల్లలకీ తెలుసు. చిక్కంతా దాని తోకతోనే. ‘ఎట్’ తగిలిస్తే ఒకదానివైపు చూడటం, ‘ఫర్’ తగిలిస్తే వెతకడం, ‘ఆఫ్టర్’ తగిలిస్తే చూసుకోవడం.

‘ఆఫ్టర్ అంటే తర్వాత కదాంటీ, తర్వాత చూడటమా?’ అంది నా దగ్గరికి ఇంగ్లీషు చదువుకోడానికి వచ్చే పక్కింటమ్మాయి. అడగాల్సిన ప్రశ్నే! ఆఫ్టర్‌కి ‘వెనకాల’ అనే అర్థం కూడా ఉంది. తప్పటడుగులేసే బిడ్డ వెనకాలే తల్లి చూపు వెళ్తుంది చూడండి, అలా అనుకుంటే ఇక మర్చిపోం.

మరి మన తెలుగేం తక్కువ తిందా? ‘చూడు’కి ‘కో’ చేర్చి ‘చూసుకో’ అంటాం. ఎవరికైనా వండిపెట్టొచ్చు, వండుకునేది మాత్రం మనకోసం. ‘కో’ చేరిందంటే ఆ పని మనదైనట్టే. అయితే ‘నీ సంగతి తర్వాత చూసుకుంటా’ అనడానికి మాత్రం లుక్ ఆఫ్టర్ వాడకండి, బెదిరింపు కాస్తా సేవైపోతుంది!

వాడుకలో ఒకటే జాగ్రత్త, ఆ రెండు మాటల్నీ విడదీయకూడదు. ‘షి లుక్స్ ఆఫ్టర్ హర్ మదర్’ అనాలిగానీ, ‘షి లుక్స్ హర్ మదర్ ఆఫ్టర్’ అనకూడదు.

ఈ ఉదాహరణ నేను వెతుక్కోనక్కర్లేదు, మా ఇంట్లోదే. అమ్మకి 82 ఏళ్లు, నా దగ్గరే ఉంటుంది. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం వీడియోలో అమ్మని చూస్తాడు, నెలనెలా డబ్బు పంపిస్తాడు. అమ్మని ఎవరు చూసుకుంటున్నారని అక్కడివాళ్లు అడిగితే ‘మై సిస్టర్’ అంటాడట. ఆ పైన మాట రాదట.

పిల్లలు పట్టించుకోకపోతే తల్లిదండ్రులు ట్రైబ్యునల్‌కి వెళ్లి నెలనెలా ఖర్చులు ఇప్పించమని అడిగేందుకు 2007లో చట్టం వచ్చింది. మంచిదే. కానీ రాత్రి రెండింటికి అమ్మ బాత్రూమ్‌కి లేచినప్పుడు పట్టుకోడానికి ఒక చెయ్యి కావాలి. అది ఏ ఆర్డరుతోనూ రాదు.

కిందటి సంక్రాంతికి తమ్ముడొచ్చి మూడు వారాలున్నాడు. ఆ మూడు వారాలూ రాత్రిళ్లు వాడే లేచాడు. వెళ్లేముందు, ‘అమ్మని నువ్వు చూసుకుంటున్నావు, నిన్నెవరు చూసుకుంటారక్కా?’ అన్నాడు. మర్నాడే ఊళ్లో నలుగురినీ అడిగి ఒక ఆయమ్మని మాట్లాడిపెట్టాడు.

ఇప్పుడామె వారానికి రెండు రాత్రులు వస్తోంది. ఆ రెండు రాత్రులూ నేను తెల్లారేదాకా నిద్రపోతున్నాను.